కోడలి కంచం

ఉడికిన గుడ్ల పెంకు తీయడంలో జానమ్మది అందెవేసిన చెయ్యి. వేడినీళ్ళు వంపేసి, గిన్నెలో చన్నీళ్ళు పోసి, గుడ్లు ఒకదానికొకటి తగిలేలా గలగల ఆడిస్తుంది. పెంకులన్నీ నెర్రెలిస్తాయి. ఆ తర్వాత ఒక్కో గుడ్డునూ అరచేతుల మధ్య దొర్లించి, లావు వైపు నుంచి బొటనవేలితో గీరిందంటే పెంకంతా ఒక్క ముక్కగా ఊడి వస్తుంది. తమ ఆయా పెంకు తీసిన గుడ్డుకు తెల్లసొన చిరిగిందన్న మాటే లేదని అంగన్‌వాడీ టీచరు కృపారాణి వచ్చినవాళ్ళందరికీ చెప్పుకుంటుంది. వేములపల్లి దాటాక కాలువ పక్కన ఉన్న ఊరది. ఊళ్ళోని గర్భిణులు, పక్క తండా నుంచి వచ్చే గర్భిణులు మధ్యాహ్నం ఆ సెంటరులోనే భోంచేస్తారు. అన్నం, ఆకుకూర పప్పు, గుడ్డు, గ్లాసెడు పాలు. అందరికీ వడ్డించేది జానమ్మే.

ఆ శుక్రవారం మిర్యాలగూడ నుంచి సూపర్‌వైజర్ మేడం వస్తోంది. బరువులు తూస్తారనీ, పొగాకు మీద మీటింగు ఉంటుందనీ, కడుపుతో ఉన్నవాళ్ళంతా తప్పకుండా రావాలనీ ముందురోజే కబురు పెట్టారు. దాంతో జానమ్మ తన కోడలు దీపను కూడా వెంటబెట్టుకు రాక తప్పలేదు.

దీపకు ఏడో నెల నడుస్తోంది. సెంటరుకు ఆమె వచ్చేదే అరుదు. నడిస్తే కాళ్ళు గుంజుతున్నాయని, ఇంటి దగ్గరే తింటుందని జానమ్మ చెబితే కృపారాణి సరేనంది. దీప వంతు తిండి స్టీలు టిఫిన్లో సర్ది జానమ్మ చేతికే ఇచ్చేది. ఊరందరికీ వండి పెట్టే మనిషి ఇంట్లో కోడలికి తిండికి కొదవేముంటుందని ఆమె నమ్మకం.

బయట జీపు ఆగిన చప్పుడైంది. అప్పుడు గుర్తొచ్చింది జానమ్మకు, కిటికీ గూట్లో తన తంబాకు పొట్లం ఉందని. పొద్దున అంజన్న కొట్లో కొన్నది. చేతులేమో గుడ్ల నీళ్ళలో ఉన్నాయి. గోడ వారగా కూచున్న కోడలి వైపు చూసి, కళ్ళతోనే గూడు చూపించింది. దీప చెయ్యి ఆనించుకుని మెల్లగా లేచి, పొట్లం తీసి రొంటిన దోపుకుంది. జానమ్మ ఊపిరి పీల్చుకుంది. ఆయాగా చేరిన దగ్గర్నుంచి ఆమె తంబాకు సంగతి, అంజన్నకు తప్ప, గడప దాటి పోలేదు. సెంటరు వెనక నీళ్ళ తొట్టి దగ్గర ఇంత దవడకు పెట్టుకోవడం, పుక్కిలించి లవంగం నమలడం, అంతే.

సూపర్‌వైజర్ మేడం చెడ్డమనిషి కాదు. అప్పటికే రెండూళ్ళు తిరిగి వచ్చిందేమో ముఖం వాడిపోయి ఉంది. అయినా ఓపిగ్గా చెప్పింది. పొగ తాగినా, నమిలినా, పళ్ళకు రాసుకున్నా తల్లి ఒంట్లోకి వెళ్ళింది బిడ్డకూ చేరుతుందని, బిడ్డ ఎదగదని, నెలలు నిండకముందే పుట్టే ప్రమాదం ఉందని బొమ్మలు చూపించి మరీ చెప్పింది. జానమ్మ పాల గ్లాసులు పెట్టిన పళ్ళెం పట్టుకుని తలుపు దగ్గర నిలబడి వింటోంది. ఆ మాటలు ఆమెకు కొత్త కాదు. గోడ మీది బొమ్మలన్నీ కంఠతా వచ్చు. ఏది తినాలో, ఏది మానాలో కొత్తగా వచ్చిన ఆడపిల్లలకు ఆమే చెబుతుంది. చెప్పడం ఆమె కొలువు. నమ్మడం గురించి ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

బరువులు మొదలయ్యాయి. తండా నుంచి వచ్చిన పూజ తూకం మిషను ఎక్కింది, ఆమె అత్త పుష్పాబాయి పక్కనే నిలబడి అంకె ఎంతని రెండుసార్లు అడిగింది. తర్వాత దీప ఎక్కింది. మిషను పక్కన నిలబడ్డ నర్సమ్మ వంగి చూసి, చేతిలోని కార్డు చూసి, మళ్ళీ వంగి చూసింది.

"పోయిన నెల ఎంతున్నవో గంతే ఉన్నవ్ దీపా. ఏం తింటున్నవ్?"

"అన్నీ తింటున్న సిస్టర్."

మిషను దిగి చెప్పులేసుకోవడానికి దీప వంగింది. రొంటిన ఉన్న పొట్లం జారి మిషను మీద పడింది. కాగితం విచ్చుకుని నల్లటి పొడి నేల మీద రాలింది. ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత ఎవరూ నవ్వలేదు.

మేడం లేచి వచ్చింది. ఆ పొడిని చూసింది, దీప పొట్టను చూసింది. ఇంతసేపూ తను చెప్పింది గోడకా అని అడిగింది. మీ అత్త ఊరి బిడ్డలందరికీ తిండి పెడుతోందే, ఆమె ఇంట్లో ఉండి నువ్వు చేసే పని ఇదా అంది. చదువుకున్న దానిలా ఉన్నావు, కడుపులో బిడ్డ మీద ఆమాత్రం ప్రేమ లేదా అంది. గొంతు పెద్దది చేయలేదు. అందువల్లనేమో ప్రతి మాటా గదంతా వినబడింది. పూజ దీప కొంగు పట్టుకుని కూచోమన్నట్టు లాగితే, నిలబడనీ అంది మేడం. ఆ తర్వాత జానమ్మ వైపు తిరిగింది.

"ఏం ఆయా, నీకు తెలుసా ఈ సంగతి?"

జానమ్మ చూపు మేడం మీద నుంచి పాల గ్లాసుల మీదికి దిగింది.

"తెల్వదు మేడం," అంది జానమ్మ.

దీప తలెత్తి ఒక్కసారి ఆమెను చూసింది. ఆ చూపులో కోపం లేదు. మళ్ళీ తల దించుకుంది.

చివరన ఫోటో దిగారు. 'పొగాకు వద్దు, బిడ్డే ముద్దు' అని రాసిన అట్టను మేడం దీప చేతికే ఇచ్చి నడుమ నిలబెట్టింది. జీపు వెళ్ళిపోయాక జానమ్మ చీపురు తెచ్చి నేల మీది తంబాకు ఊడ్చింది. గడప దగ్గర చెప్పులు వెతుక్కుంటున్న పుష్పాబాయి ఆగి, ఎర్రబారిన పళ్ళు కనబడేలా నవ్వి ఆమెను తేరిపార చూసింది. తంబాకు తినేటోళ్ళకు తినేటోళ్ళ వాసన తెలుస్తది జానమ్మా, అని మాత్రం అని, పూజను పిలుచుకుని వెళ్ళిపోయింది.

*

ఆ పొద్దుగూకాక జానమ్మ కోడలికి అన్నం పెట్టింది. రోజూ పెట్టేది ఒక్క గరిటె. ఏడో నెల పడ్డాక కడుపు నిండా తింటే బిడ్డకు జాగా చాలదని, బిడ్డ పెద్దదైతే కోత పెడతారని ఆమె భయం. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. వెనకింటి దుర్గమ్మ కూతురికి పోయినేడు కాన్పుకు పెద్దాపరేషను చేశారు. ఆ పిల్ల ఇప్పటికీ నడుము పట్టుకునే నడుస్తుంది. నాటుకు వంగలేని కోడలు మాకెందుకని అత్తగారు తెచ్చి దింపిపోయింది. అది కళ్ళారా చూసిన జానమ్మ గుడ్డు వేడని, పుట్టేవాడికి బట్టతల వస్తుందని, దవాఖానలో ఇచ్చిన ఐరన్ గోళీలు మింగితే బిడ్డ లావెక్కుతుందని ఒక్కొక్కటీ తీసేసింది. సెంటరు నుంచి టిఫిన్లో వచ్చే గుడ్డు కొడుకు చిరంజీవి ఇంట్లో ఉన్న రోజు అతని కంచంలో పడేది. అతను మేళ్లచెరువులో సిమెంటు లారీ తోలుతాడు, వారంలో సగం రోజులు అక్కడే. లేని రోజు, పారేస్తే పాపమని తనే తినేసేది.

ఇవాళ గరిటె అన్నం పెట్టాక కుండ వైపు మళ్ళీ చెయ్యి పోయింది. రెండో గరిటె తీసి కంచం మీదికి తెచ్చింది. దీప చెయ్యి అడ్డం పెట్టింది. "సాలు అత్తమ్మా." ఆ మాట వినగానే జానమ్మకు లోపలెక్కడో కొంత తేలికైంది. చూశావా, పెడితే తనే వద్దంటోంది అనుకుంది. అనుకున్న మరుక్షణమే ఆ తేలికకు సిగ్గేసింది.

అంతలో దీప ఫోను మోగింది. ఫోటో ఊరి వాట్సాపు గ్రూపులో పడిందట. చిరంజీవి లారీ పక్కకు ఆపి మాట్లాడుతున్నాడు. తోటి డ్రైవర్లు చూసి నవ్వారని, ఇంటి పరువు తీశావని, నీకసలు ఆ అలవాటెప్పుడైందని అడుగుతున్నాడు. దీప ఫోను చెవికి దూరంగా పట్టుకుని, ఊ అనకుండా, అన్నం మెతుకులు ఒక్కొక్కటే వేలితో కంచం అంచుకు జరుపుతోంది. జానమ్మ ఆగలేక ఫోను లాక్కుంది.

"తిట్టకురా. వట్టి మనిషి కాదు."

"నీ కండ్ల ముందలనే తింటుంటె సూస్తలెవ్వా అమ్మా?"

"ఏమో, సూడలే," అంది జానమ్మ.

ఫోను పెట్టేశాక ఆమె నోట్లో నాలుక చేదుగా తగిలింది. ఒకే రోజు రెండుసార్లు అదే మాట రెండు రకాలుగా అంది. తెలియదని ఒకసారి, చూడలేదని ఒకసారి. దీప కంచం తీసుకుని పెరట్లోకి పోయింది. నీళ్ళ చప్పుడు చాలాసేపు వినబడింది.

శనివారం సెంటరులో ఇంకా కష్టమైంది. దీపను తిట్టినా జానమ్మ ఓర్చుకునేదేమో. కానీ వచ్చిన ప్రతి ఆడమనిషీ ఆమె మీదే జాలి పడింది. ఇన్నేళ్ళు మంచి పేరు తెచ్చుకుంటే కోడలు ఒక్కరోజులో మన్నుపాలు చేసిందని ఒకామె, ఈ కాలం పిల్లలు చెబితే వింటారా అని ఇంకొకామె. కృపారాణి అయితే తన టీ సగం గ్లాసులో పోసి ఇచ్చి, మనసులో పెట్టుకోకని ఓదార్చింది. జానమ్మ ఆ టీ తాగలేక, పారబోయలేక, చల్లారేదాకా పట్టుకుని కూచుంది. మధ్యాహ్నం గిన్నెలు తోముతూ నీళ్ళ తొట్టి వెనక్కి పోయింది. బ్లౌజులోంచి కొత్త పొట్లం తీసింది. ఇంత అరచేతిలో వేసుకుని, వేలికొసన సున్నం రాసి నలుపుతూ, దాన్ని పారేద్దామనే అనుకుంది. పారేయలేదు. దవడకు పెట్టుకుంది. నలభై ఏళ్ళు దాటిన అలవాటు, చెయ్యి తన మాట వినలేదు.

*

ఆదివారం ఏసు గుడిలో ప్రభువు బల్ల, రొట్టె, ద్రాక్షరసం పంచే రోజు. రాత్రే లారీ అప్పజెప్పి వచ్చిన చిరంజీవి ఇస్త్రీ చొక్కా వేసుకుని మగవాళ్ళ వైపు ముందు వరసలో కూచున్నాడు. ఇంటికొచ్చినప్పటి నుంచి పెళ్ళాంతో మాటలేదు. అత్తాకోడళ్ళు ఆడవాళ్ళ చాప మీద ఎడమెడంగా కూచున్నారు.

పాస్టరు ఎప్పుడూ చెప్పేదే చెప్పారు. ఎవరి మనసు వాళ్ళు పరీక్షించుకుని రావాలి, మనసులో మురికి పెట్టుకుని రొట్టె ముట్టుకోకూడదు. ఆడవాళ్ళు కొంగులు తలనిండా కప్పుకుని ఒక్కొక్కరే లేస్తున్నారు. జానమ్మ లేవబోయింది. మళ్ళీ చాప మీద కూచుండిపోయింది. పక్కామె భుజం తట్టి, ఒంట్లో బాగలేదా అని అడిగితే అవునని తల ఊపింది. అదీ అబద్ధమే.

అప్పుడు చూసింది దీపను. దీప కూడా కూచునే ఉంది. రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని, చాప అల్లిక చూస్తూ. రొట్టె పళ్ళెం దగ్గరకు వచ్చినా తలెత్తలేదు.

ఆమెకేం పాపమని జానమ్మకు అంతుపట్టలేదు. తన తప్పును నెత్తినేసుకుని ఊరి ముందు నిలబడింది, మొగుడి తిట్లు తిన్నది, ఒక్కసారీ నోరు విప్పలేదు. ఇక్కడున్న అందరికన్నా ముందు ఆ రొట్టె అందుకోవలసింది ఆ పిల్ల కాదా? నా మీద మనసు విరిగి కూచుందేమో అనుకుంది. ఇగ ఇవాళ చెప్పేయాలి, ఎట్లయితే అట్లయింది, అని గట్టిగా అనుకుంది.

గుడి నుంచి ఇంటికి కాలువ కట్ట మీదే దారి. చిరంజీవి మాట్లాడకుండా పెద్ద పెద్ద అంగలు వేసుకుంటూ ముందు పోయాడు. కాలువ నిండుగా పారుతోంది. కట్ట కింద వరిచేలల్లో కలుపు తీసేవాళ్ళు వంగిన నడుములు ఎత్తకుండా మాట్లాడుకుంటున్నారు. దీపకు ఆయాసం వచ్చి తూము దిమ్మ మీద కూచుంది. జానమ్మ ఎండ తగలకుండా ఆమెకు అడ్డంగా నిలబడింది.

"నువ్వెందుకు బల్లకు లెవ్వలే?"

"నువ్వు గూడ లెవ్వలే గద అత్తమ్మా."

"నాది వేరే ముచ్చట. నా పొట్లం నీ మీదికొచ్చింది. మేడం అడిగితే తెల్వదన్న. పిరికిదాన్నయిన బిడ్డా. రేపు నర్సమ్మకు చెప్త, గా తంబాకు నాదని, నా కోడలికి దాని రుచి గూడ తెల్వదని."

 దీప కాలువలో కొట్టుకుపోతున్న ఎండు కొమ్మను అది వంతెన కిందికి పోయేదాకా చూసింది.

"గట్ల చెప్పకు. అబద్ధమైతది."

"ఏం అబద్ధం?"

"పొట్లం నీదే. తినేది నేను గూడ."

జానమ్మకు ముందు అర్థం కాలేదు. దీప ఏడవలేదు. ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది.

"మూడో నెల్ల కక్కుకుంటుంటే నువ్వే ఇంత దవడకు పెట్టుకొమ్మన్నవ్, వికారం పోతదని. పోయింది. తర్వాత ఇడ్సిపెట్టిన. మళ్ళ ఆకలి మొదలైంది. పొద్దుగాల తిన్నది పది గంటలకే అరుగుతది అత్తమ్మా. కండ్లు తిరుగుతయి. ఒకనాడు నీ పొట్లం కనబడితే ఇంత పెట్టుకున్న. ఆకలి సచ్చిపోయింది. అప్పటిసంది నువ్వు సెంటరుకు పోయేముందల రోజు ఇంత తీసి దాసుకుంటున్న."

"నన్ను అడగొద్దా బిడ్డా? అన్నం సాలతలేదని ఒక్క మాట…"

"ఎట్ల అడగాలె? కాన్పు సుఖంగ కావాలని పస్తుంచుతున్నవ్. అడిగితే బిడ్డ కంటె నీకు నీ నోరే ఎక్కువైందా అంటవనుకున్న." దీప కొంగుతో మెడ తుడుచుకుంది. "మేడం ముందల నేను ఊకున్నది నిన్ను కాపాడనీకి కాదు. నన్నన్న మాట నిజమే గనక. నువ్వు నన్ను గొప్పదాన్ని చెయ్యకు."

ఈ మధ్య పొట్లం తొందరగా అయిపోతోందని, తూకంలో దగా చేస్తున్నావని అంజన్నతో జానమ్మ కొట్టు వెనక నిలబడి కొట్లాడింది. అతను దేవుడి మీద ఒట్టేసినా నమ్మలేదు. ఆ తంబాకు ఎక్కడికి పోయిందో ఇప్పుడు తెలిసింది. ఇన్నాళ్ళూ తను కోడలి నోటి ముందు నుంచి అన్నం తీసి, దాని చోట తంబాకు పెట్టింది. రెండూ తన చేత్తోనే. శుక్రవారం నుంచి ఆమె మోస్తున్నది ఒక అబద్ధపు బరువు. అది దించుకుంటే చాలనుకుంది. ఇది దించుకునేది కాదు. దీప పొట్టలో ఉంది.

  దీప దిమ్మ పట్టుకుని లేవబోతుంటే జానమ్మ చెయ్యి అందించింది. దీప ఆ చెయ్యి పట్టుకుంది గానీ, నిలదొక్కుకోగానే వదిలేసింది.

*

సోమవారం పొద్దున్నే ముగ్గురూ ఆటోలో మిర్యాలగూడ పెద్ద దవాఖానకు పోయారు. బరువు పెరగలేదు గనుక స్కానింగు తీయించమని నర్సమ్మ శుక్రవారమే చీటీ రాసిచ్చింది. వరస పెద్దదిగా ఉంది. దీపను బెంచీ మీద కూచోబెట్టి జానమ్మ ఆమె బదులు నిలబడింది. దవడ జిలజిలలాడుతోంది. పొద్దుటి నుంచి తంబాకు పెట్టుకోలేదు. తల పగిలిపోతున్నట్టుంది, చెమటలు పడుతున్నాయి. కోడలిని చూస్తే ఆమె కూడా గోళ్ళు కొరుక్కుంటూ, కాలు ఆడిస్తూ ఉంది. ఇద్దరినీ పట్టి పీడిస్తున్నది ఒకటేనని తెలిసి జానమ్మ ముఖం తిప్పుకుంది.

డాక్టరమ్మ చిన్న వయసుదే. స్కానింగు కాగితం చూసి, కొలతలు మళ్ళీ ఒకసారి చదివి, నెలకు తగ్గట్టు బిడ్డ ఎదగలేదని చెప్పింది. చీటీలో పొగాకు అని రాసి ఉంది, ఎన్నాళ్ళ నుంచి అని అడిగింది. దీప తల వంచుకుంది. చిరంజీవి పళ్ళు కొరుకుతూ పెళ్ళాం వైపు తిరిగాడు.

"ఆమెననకుండ్రి మేడం," అంది జానమ్మ. వెనక వరసలో వాళ్ళు వింటున్నారని తెలుసు. అయినా గొంతు తగ్గించలేదు. "తంబాకు నాది. వికారానికి నేనే పెట్టుకొమ్మన్న. బిడ్డ పెద్దదైతే కోత పెడతరని అన్నం నేనే తక్కువ పెట్టిన. గుడ్డు పెట్టలే, గోళీలు మింగనియ్యలే. ఆకలికి ఓర్వలేక నా పొట్లంల చెయ్యి పెట్టింది. నేను అంగన్‌వాడీల ఆయాను మేడం. తెల్వక చేసిన అననీకి గూడ లేదు."

డాక్టరమ్మ తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది జానమ్మకు. ఎవరిది తప్పో తను రాసుకోనని, ఎప్పటి నుంచి, రోజుకు ఎంత, చివరిసారి ఎప్పుడు, అది చెప్పమని అడిగి రాసుకుంది. బిడ్డ చిన్నగా ఉంటే కాన్పు తేలికని చాలామంది అనుకుంటారని, నీరసించిన తల్లికి, బరువు లేని బిడ్డకే కాన్పులో గండం ఎక్కువని, కోతకు భయపడి చేసిన పని కోతను ఆపదని నెమ్మదిగా చెప్పింది. కొంచెం కొంచెంగా రోజుకు ఐదారుసార్లు పెట్టమంది.

"ఇప్పుడు తింటె అందుకుంటదా మేడం?" అని అడిగింది జానమ్మ.

"కొంత అందుకుంటది. ఎంతో నేను చెప్పలేను. రెండు వారాలకు మళ్ళీ చూస్తాను." కలం మూత పెడుతూ ఆమె జానమ్మ ముఖంలోకి చూసింది. "ఇంట్లో ఆ పొట్లం కనబడుతుంటే ఈ పిల్ల మానలేదమ్మా. నువ్వు మానితేనే ఆమె మానుతది."

బయటికొచ్చాక చిరంజీవి చెట్టు కింద చాలాసేపు నిలబడ్డాడు. తల్లిని ఏమన్నా అంటాడేమోనని జానమ్మ కాచుకుని ఉంది. అతను నోరు తెరిచింది వేరే సంగతికి.

"అమ్మా, నేనింటికొస్తె కూరల గుడ్డు ఏసేదానివి. అవి ఈమెవేనా?"

జానమ్మ తల ఊపింది. లేని రోజుల్లో తనే తిన్నదని కూడా చెప్పింది.  అతను రోడ్డు దాటి పోయి అరటిపండ్ల అత్తం తెచ్చాడు. ఒక పండు ఒలిచి, తొక్క చేతిలోనే పెట్టుకుని, పండు దీప ముందుకు చాపాడు. శుక్రవారం నుంచి అన్న మాటలన్నీ ఎట్లా వెనక్కి తీసుకోవాలో అతనికి తెలిసినట్టు లేదు. దీప పండు తీసుకుని సగం తిన్నది, తక్కింది చేతిలో పట్టుకుని కూచుంది. తిరుగు ఆటోలో ఆమె భర్త వైపు గానీ, అత్త వైపు గానీ చూడలేదు. రోడ్డు పక్క రైస్‌మిల్లుల గొట్టాలను చూస్తూ కూచుంది.

ఇంటికి చేరగానే జానమ్మ బ్లౌజులోంచి పొట్లం, కొంగున ముడివేసిన సున్నం డబ్బీ తీసి, పొయ్యిలో వేసింది. కాలిన తంబాకు ఘాటు ఇల్లంతా కమ్ముకుంటే ముగ్గురూ దగ్గుతూ వాకిట్లోకి వచ్చారు.

*

మంగళవారం దీప అత్తతో పాటు సెంటరుకు బయలుదేరింది. రమ్మని జానమ్మ అడగలేదు. చీర కట్టుకుని తనే గడప దిగింది.

కృపారాణికి జానమ్మ పొద్దున్నే అంతా చెప్పింది. టీచరు కుర్చీలో వెనక్కి వాలింది. దీప వంతు తిండి తనే టిఫిన్లో సర్ది పంపిన రోజులు ఆమెకూ గుర్తొచ్చి ఉంటాయి. నాకు చెప్పినవ్ గద, చాలు జానమ్మా, అంది చివరికి. పదిమందిలో అంటే మేడం దాకా పోతుందని, ఆయా పోస్టుకే ఎసరు వస్తుందని, దీపను బాగా చూసుకొమ్మని, తక్కింది మరిచిపొమ్మని బతిమాలింది. ఆమె మాటలో కీడు లేదు. జానమ్మకు కూడా ఆ ఉద్యోగం పోతే ఏం చేయాలో తెలియదు.

మధ్యాహ్నం కడుపుతో ఉన్నవాళ్ళంతా వరసగా కూచున్నారు. దీప చివరన, పూజ పక్కన కూచుంది. శుక్రవారం నాటి చూపులు మళ్ళీ ఆమె మీద పడ్డాయి. ఒకామె పక్కామె చెవిలో ఏదో అంది. జానమ్మ అన్నం గిన్నె పట్టుకుని వరస మొదట్లో నిలబడి, గరిటె ముంచి, ఆగిపోయింది.

"నా కోడలి చేతికి అట్ట ఇచ్చి నిలబెట్టిన్రు మొన్న," అంది. గిన్నెలోని అన్నాన్ని చూస్తూనే మాట్లాడింది. "గా తంబాకు నాది. నేను మీ వయసు కాణ్ణుంచి తింటున్న. ఆమెకు నేర్పింది నేనే. అన్నం కడుపు నిండ పెట్టనిది నేనే. మీకు గీడ గుడ్డు తినుమని చెప్పి, ఇంటికి పోయి ఆమె గుడ్డు నేను తిన్న. బిడ్డ కడుపుల ఎదుగుతలేదని నిన్న దవాఖానల చెప్పిన్రు. మీరు అనేదుంటె నన్ననుండ్రి."

 కృపారాణి రిజిస్టరు తెరిచి, మూసి, బయటికి పోయింది. గోడ దగ్గర కూచున్న అత్తల్లో ఒకరిద్దరు కొంగు సర్దుకున్నారు. పుష్పాబాయి దవడలో నములుతున్నది ఆపింది. కాసేపటికి లేచి వాకిట్లోకి పోయి ఉమ్మి వచ్చింది. అంతే, తండాకు పోయాక మళ్ళీ పెట్టుకుంటుందేమో, ఎవరు చెప్పగలరు.

జానమ్మ వడ్డించుకుంటూ వచ్చింది. పూజకు పెట్టింది. దీప దగ్గరకు వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగింది. ఎంత పెట్టాలి? ఎక్కువ పెడితే ఇప్పుడు ప్రేమ నటిస్తున్నట్టుంటుంది. తక్కువ పెట్టడానికి చెయ్యి రాదు. ఏళ్ళ తరబడి వందలమందికి వడ్డించిన మనిషి ఒక్క కంచం ముందు గరిటె పట్టుకుని దిక్కుతోచకుండా నిలబడింది.

దీప తలెత్తి చూసింది. తంబాకు మానిన నీరసం ఆమె కళ్ళ కింద కనబడుతోంది. చెయ్యి చాపింది.

"నువ్వు పెట్టకు అత్తమ్మా. నేను పెట్టుకుంట."

ఆ గొంతులో కసి లేదు. క్షమించినట్టు కూడా లేదు. జానమ్మ గరిటె ఆమె చేతికిచ్చింది. అన్నం గిన్నె, పప్పు గిన్నె రెండూ ఆమె ముందు నేల మీద పెట్టింది. గరిటె గిన్నె అంచుకు తగిలిన చప్పుడు వినబడింది. ఒకసారి. మళ్ళీ ఒకసారి. అలవాటు కొద్దీ జానమ్మ కళ్ళు కంచం వైపు పోబోయాయి. ఆమె గబుక్కున గోడ వైపు తిరిగి నిలబడింది. కోడలు ఎంత పెట్టుకుందో చూడలేదు.